మేదోచూషణ శస్త్రచికిత్స: ఆశింపదగినది, ఆశింపరానిది

(వార్షిక మహాసభలో నొసగిన యుపన్యాసము)

  

మహాసభావేదికలపై విద్యను గుఱించియు, విద్యార్థి వసతిగృహములను గుఱించియు, వ్యవసాయ వాణిజ్యములను గుఱించియు ప్రసంగించుట పెద్దలనాటినుండి వచ్చుచున్న యాచారము. అట్టిచోట శరీరములోని క్రొవ్వును గుఱించి యొక యుపన్యాస మేమిటికని కొందఱు నవ్వుకొనవచ్చును. కాని యీ విషయము నేడు మన యిండ్లలోనికి, అందును పెండ్లిమాటలు జరుగు చావడిలోనికి, నడచి వచ్చినది. "పిల్ల చక్కనిదే, చదువుకొన్నదే, కొంచెము ఒళ్లు తగ్గించిన బాగుండును. ఇప్పుడు లైపోసక్షన్ అని యేదో యున్నదట గదా! ముహూర్తమునకు ముందే చేయించరాదా?" యను మాట సంబంధము కుదుర్చవచ్చినవారి నోట తఱచుగా వినబడుచున్నది. ఆ మాట విన్న తల్లిదండ్రులు సొమ్ము సమకూర్చుకొని వైద్యుని యొద్దకు వచ్చుచున్నారు. పిల్ల వారి వెనుక కూర్చుండి నేల చూచుచుండును. నీ యభిప్రాయ మేమని ఆమె నడిగినవారు లేరు.

శస్త్రవైద్యము వృత్తిగా గల మేము ఈ చికిత్సను నిందించుటకు వచ్చినవారము కాము, పొగడుటకును రాలేదు. అది యేమి చేయగలదు, ఏమి చేయలేదు, చేయించుకొనువారు మొదటి దినమునుండి ఆఱవ నెలవఱకు ఏమి యనుభవింతురు అను సంగతులను ఉన్నవున్నట్లు సభవారి ముందుంచుటయే మా యుద్దేశము. అన్నియు నెఱిగి, తన యిష్టముతో, తగిన చేతులలో చేయించుకొన్నవారికి ఈ చికిత్స కొంత మేలు చేయును. ఎఱుగక, పరుల మాటకై చేయించుకొన్నవారికి దుఃఖమును మిగుల్చును. మా యుపన్యాసమున కంతకును సారము ఇదియే.

చికిత్సాస్వరూపము

లైపోసక్షన్ అనగా క్రొవ్వును పీల్చివేయుట. మేదస్సు అను పదము మన వైద్యమున నుండనే యున్నది గావున దీనిని మేదోచూషణమని చెప్పుకొందము. చర్మముపై చిన్న గంట్లు పెట్టి, వానిగుండ మొద్దుమొన గల సన్నని లోహపుగొట్టమును చొనిపి, దానికి పీల్చు యంత్రమును తగిలించి, చర్మము క్రింది క్రొవ్వును బయటికి లాగుదురు. ఆ గొట్టమునకు కాన్యులా యని పేరు. దాని లావు సాధారణముగా 2 మొదలు 5 మిల్లీమీటర్లవఱకు నుండును.

శరీరమున క్రొవ్వు ముఖ్యముగా రెండు చోట్ల నిలువయుండును. ఒకటి చర్మము క్రింద, చేతితో పట్టిన మడతగా దొరకునది. రెండవది పొట్టలోపల, ప్రేగులను నితర యవయవములను చుట్టి, చేతికి దొరకక యుండునది. మధుమేహమునకును గుండెజబ్బులకును దగ్గఱి చుట్టము ఈ రెండవది. కాన్యులా తాకునది మొదటిదానిని మాత్రమే. పెరటిలోని గడ్డివామిని తీసివేసినంతమాత్రమున ఇంటిలోని గాదె ఖాళీ కాదు. ఈ భేదమును గ్రహింపని వారికే చికిత్సానంతరమున నాశాభంగము కలుగుచున్నది.

మన ప్రాచీనులును ఈ విషయము నాలోచింపకపోలేదు. చరకసంహితయందు సూత్రస్థానములోని 21వ యధ్యాయమున ఎనిమిది విధముల నింద్యశరీరులను చెప్పుచు, అతిస్థూలునితోబాటు అతికృశునిగూడ పేర్కొనియున్నారు. అనగా రెండు కొనలును తగవని శాస్త్రకారుల మతము. నేటి పెండ్లిచూపులలో మనము మొదటి కొననే పట్టుకొని రెండవదానిని మఱచినాము.

పూర్వచరిత్రము

ఈ చికిత్సాచరిత్రమునందు తొలిపుట విషాదకరమైనది. 1920వ దశకమున ప్యారిస్ నగరములో చార్లెస్ దుజారియే అను శస్త్రవైద్యుడు ఒక నర్తకి కోరికపై ఆమె కాలిలోని క్రొవ్వును గీకుడు పరికరముతో తీసివేయ బూనెను. రక్తనాళము దెబ్బతిని, కాలు కుళ్లి, తుదకు దానిని కోసివేయవలసివచ్చెను. నాట్యముచే జీవించునామె అందముకొఱకు వచ్చి కాలినే కోల్పోయెను.

1970వ దశకమున రోము నగరమునందు ఆర్పాడ్ ఫిషర్, జార్జియో ఫిషర్ అను తండ్రికొడుకులు గీకుటకు బదులు పీల్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. 1977లో ప్యారిస్ వైద్యుడు ఈవ్ జెరార్ ఇలూజ్ మొద్దుమొన గల గొట్టమును వాడి, నరములును రక్తనాళములును తెగకుండ క్రొవ్వును మాత్రము తీయు విధమును చూపి, దానిని లోకమున వ్యాపింపజేసెను. అప్పటికిని రక్తస్రావభయము వదలలేదు. మందునీరు ఎక్కింపక చేయు తొలిపద్ధతిలో బయటికి వచ్చినదానియందు నూటికి 20 మొదలు 45 పాళ్లు రక్తమే యుండెడిది.

ఈ భయమును తీర్చినవాడు కాలిఫోర్నియాలోని చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్. ఉప్పునీటిలో లిడోకెయిన్ అను తిమ్మిరిమందును, రక్తనాళములను ముడుచుకొనజేయు అడ్రినలిన్ అను మందును మిగుల పలుచగా కలిపి, క్రొవ్వుపొర ఉబ్బి గట్టిపడువఱకు ఎక్కించు పద్ధతిని ఆయన 1987లో ప్రకటించెను. దీనివలన పోవు రక్తము నూటికి 1 పాలు మాత్రమునకు దిగినది. అనేకసందర్భములలో పూర్తిమత్తు లేకుండగనే చికిత్స సాధ్యమైనది.

ఇందొక లెక్క యెఱుగదగియున్నది. అడ్రినలిన్‌తో కలిపిన లిడోకెయిన్‌ను మామూలుగా సూదివేయునపుడు శరీరపు బరువులో కిలోగ్రామునకు 7 మిల్లీగ్రాములు మించరాదని నియమము. 60 కిలోల మనిషికి అది 420 మిల్లీగ్రాములు. పలుచని ద్రవముగా క్రొవ్వులోనికి ఎక్కించినచో కిలోకు 35 మిల్లీగ్రాములవఱకు, అనగా ఆ మనిషికే 2,100 మిల్లీగ్రాములవఱకు, తాళుకొనగలరని క్లైన్ 1990లో చూపెను. క్రొవ్వులోనుండి మందు మెల్లగా రక్తములోనికి దిగుటయే దీనికి కారణము. కాని మెల్లగా దిగుటచేతనే రక్తములో దాని పాలు హెచ్చుగా నుండు సమయము చికిత్సాశాలలో గాక, సుమారు 12 గంటలకు, రోగి యింటికి చేరిన తరువాత వచ్చును. కావున ఆ రాత్రి తోడు లేకుండ నుండరాదు. మాట తడబడినను, పెదవులు తిమ్మిరెక్కినను, చెవులు గింగురుమన్నను, ఒళ్లు వణకినను వెంటనే వైద్యునికి తెలియజేయవలెను.

ఎవరికి తగినది?

ఈ చికిత్స లావుగా నున్నవారిని సన్నబఱచుటకు పుట్టినది కాదని మొదట చెప్పవలెను. బరువు తగినట్లే యుండి, కొన్ని నెలలుగా హెచ్చుతగ్గులు లేక నిలుకడగా నుండి, ఆహారనియమమునకును వ్యాయామమునకును లొంగక యొక్కొక్కచోట మాత్రము నిలిచిపోయిన క్రొవ్వు గలవారికి ఇది తగును. నడుము ప్రక్కలు, పొత్తికడుపు, తొడలు, దండచేతులు, గడ్డము క్రిందిభాగము అట్టి స్థలములు. చర్మమునకు బిగువు మిగిలియుండవలెను. లేనిచో లోపలి క్రొవ్వు పోయినపిదప పైతోలు వ్రేలాడును.

అందముకొఱకే గాక వైద్యావసరమునకును దీనిని వాడుదురు. పురుషులకు రొమ్ము పెరుగుట, లైపోమా యను క్రొవ్వుగడ్డలు, స్త్రీల కాళ్లలో నొప్పితోగూడ క్రొవ్వు పేరుకొను లైపెడీమా యను వ్యాధి ఇందుకు నిదర్శనములు.

బరువు తగినదా కాదా యని తెలిసికొనుటకు వైద్యులు బరువును కిలోగ్రాములలో తీసికొని, మీటర్లలోని యెత్తును అదే సంఖ్యతో హెచ్చవేసి, దానితో భాగింతురు. మన దేశీయులకు ఆ సంఖ్య 23 దాటిన బరువు ఎక్కువయనియు, 25 చేరిన స్థూలత్వమనియు లెక్క. 1.60 మీటర్ల యెత్తుగలవారు 64 కిలోలుండిన ఆ సంఖ్య సరిగా 25 అగును. దీనితోబాటు నడుము కొలతయు చూడవలెను. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు.

మనకు ఈ హద్దులు పాశ్చాత్యులకంటె తక్కువగా నుండుటకు కారణము కలదు. పూనా నగరపు వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను నగరపు వైద్యుడు జాన్ యడ్కిన్ అను మిత్రులు 2004లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు తమ యిరువురి ఛాయాచిత్రమును ప్రకటించిరి. ఇరువురి సూచికయు 22.3 మాత్రమే. అయినను శరీరములోని క్రొవ్వు యడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్లును, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్లును ఉండెను. చూపులకు సన్నగా నుండియు లోపల క్రొవ్వు దాచుకొనుట మన దేశీయుల దేహలక్షణము. ఆ లోపలి క్రొవ్వునే ఈ చికిత్స తాకజాలదని మఱల జ్ఞప్తిచేయుచున్నాము.

గర్భవతులు, గుండెజబ్బు గలవారు, రక్తము గడ్డకట్టుటలో దోషము గలవారు, చక్కెర అదుపులో లేనివారు, పొగత్రాగుట మానలేనివారు దీనికి పూనుకొనరాదు. తన దేహమున లేని లోపమును కల్పించుకొని రాత్రింబవళ్లు కుమిలిపోవు మనోవ్యాధి యొకటి కలదు. అట్టివారికి కావలసినది మనోవైద్యుని సాయము. శస్త్రము వారి దుఃఖమును తీర్చలేదు.

ముందును, ఆనాడును, తరువాతను

చికిత్సకు ముందు రక్తపరీక్షలు, గుండెపరీక్ష జరుగును. వాడుచున్న మందులన్నిటిని, మూలికలను లేహ్యములను సైతము, వైద్యునికి దాచక చెప్పవలెను. ఆస్పిరిన్ వంటివి రక్తస్రావమును హెచ్చించును; వానిని వైద్యుని యనుమతితోనే మానవలెను గాని తనంతట మానరాదు. పొగత్రాగువారు కొన్ని వారములముందే విడువవలెను. ముందు వెనుకల పోలికకై ఛాయాచిత్రములు తీయుదురు.

ఆనాడు, పూర్తిమత్తు ఇచ్చుటయున్నచో, వైద్యులు చెప్పిన వేళనుండి ఉపవాసముండవలెను. మొదట రోగిని నిలువబెట్టి చర్మముపై గుర్తులు గీయుదురు. పడుకొన్నచో క్రొవ్వు చోటు మారును గనుక నిలువబెట్టుట యవసరము. తరువాత మందునీరు ఎక్కించి, అది పనిచేయుటకు కొంతసేపు వేచి, పిదప కాన్యులాతో పీల్చుట ప్రారంభింతురు. స్థలమునుబట్టి ఒక గంట మొదలు నాలుగు గంటలవఱకు పట్టవచ్చును. మెలకువగా నున్నవారికి లోపల నెట్టుచున్నట్లు, గీరుచున్నట్లు తెలియును. కొంచెము తీసినచో ఆ సాయంకాలమే యింటికి పంపుదురు; ఎక్కువ తీసినచో రాత్రి యుంచుకొందురు.

మొదటి ఒకటి రెండు దినములు గంట్లనుండి ఎఱ్ఱనీరు కారును. పక్కబట్టలు తడిసినవని యింటివారు బెదరుదురు. అది చాలవఱకు ఎక్కించిన మందునీరే. కొంచెము రక్తము కలిసి యట్లు కనబడును. అయితే చిక్కని రక్తము ఆగక కారుచున్నచో అది వేఱు సంగతి, వెంటనే తెలుపవలెను. నొప్పి, బహుశ్రమ చేసిన మఱునాటి ఒళ్లునొప్పులవలె నుండును. చర్మము కమిలి నల్లనై, పిదప పచ్చనై, రెండు మొదలు నాలుగు వారములలో మానును. అదే దినమున లేచి నాలుగడుగులు నడువవలెను. మంచమునకు అంటుకొని పడియుండుట విశ్రాంతి కాదు, అపాయము. కాళ్లలో రక్తము గడ్డకట్టుటకు అది దారి.

బిగువైన దుస్తును వైద్యులు చెప్పినట్లు సుమారు నాలుగు మొదలు ఆఱు వారములు ధరింపవలెను. మన యెండకాలములో ఇది చిన్న పరీక్ష కాదు. చెమట, దురద, చిరాకు కలుగును. కావున వేసవిని తప్పించి తక్కిన ఋతువులలో చేయించుకొనుట మన ప్రాంతములవారికి మేలు. కూర్చుండి చేయు ఉద్యోగమునకు చాలమంది వారము లోపలనో, కొంచెము అటునిటుగనో మరలుదురు. బరువులెత్తుటకును కఠినవ్యాయామమునకును మూడు నాలుగు వారములైన ఆగవలెను. చర్మమునకు స్పర్శ తగ్గియుండుట కొన్ని వారములు, ఒక్కొక్కరికి కొన్ని నెలలు, ఉండవచ్చును.

మఱొక సంగతి. మొదటి దినములలో త్రాసుపై నిలిచినచో బరువు తగ్గుటకు మాఱుగ పెరిగినట్లు కనబడవచ్చును. ఎక్కించిన నీరును, వాపునే దానికి కారణము. అద్దములో చూచుకొనినను లావైనట్లే తోచును. ఇంత సొమ్ము, ఇంత నొప్పి వృథాయైనవని అప్పుడు పలువురు కంటతడి పెట్టుకొందురు. వాపు చాలవఱకు ఆఱు వారములలో తీయును. తుది రూపము తేలుటకు మూడు మొదలు ఆఱు నెలలు పట్టును. ఇది ముందే తెలిసినవారు ధైర్యముగా నుందురు.

ఆశింపరానిది

బరువు తగ్గుదల నాశింపరాదు. ఒకమాఱునకు పీల్చు మొత్తము 5 లీటర్లు దాటినచో దానిని పెద్ద చికిత్సగా నెంచి, ఆసుపత్రిలో నుంచుకొని కనిపెట్టవలెనని అమెరికాలోని శస్త్రవైద్యుల నియమము. అందు కొంత మందునీరే. లీటరు క్రొవ్వు సుమారు 900 గ్రాములు తూగును. కావున 5 లీటర్లు తీసినను శరీరమునుండి పోయిన క్రొవ్వు 4.5 కిలోలకు లోబడియే యుండును. ఒక్కపూటలో పది, పదునైదు కిలోలు తగ్గింతుమని యెవరైన ప్రకటించినచో ఈ లెక్కతో వారిని ప్రశ్నింపుడు.

ఆరోగ్యలాభము నాశింపరాదు. అమెరికాలోని సెంట్ లూయిస్ నగరమున శామ్యూల్ క్లైన్ అను వైద్యుడును ఆయన సహచరులును స్థూలకాయులగు 15 మంది స్త్రీలకు పొట్టపై క్రొవ్వును మిక్కుటముగా, సుమారు 9, 10 కిలోలవఱకు, తీయించి 10 మొదలు 12 వారముల పిమ్మట పరీక్షించిరి. రక్తపుపోటుగాని, రక్తములోని చక్కెరగాని, క్రొవ్వుపాళ్లుగాని బాగుపడలేదని 2004లో ప్రకటించిరి. అంతే బరువును మితాహారముచే తగ్గించుకొన్నవారికి ఇవి బాగుపడునని వైద్యలోకమునకు తెలిసినదే. కడుపు మాడ్చుకొనకుండ పుణ్యము రాదన్నట్లు, లోపలి క్రొవ్వు కరుగుటకు నోటిని, కాళ్లను శ్రమపెట్టక తప్పదు.

శాశ్వతత్వమును నిబంధన లేకుండ నాశింపరాదు. పెద్దవారి దేహమున క్రొవ్వుకణముల సంఖ్య యించుమించు స్థిరముగా నుండుననియు, ఏటేట నూటికి 10 వంతుల కణములు నశించి క్రొత్తవి పుట్టుచుండుననియు స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు 2008లో చూపిరి. తీసినచోట కణములు తగ్గుట నిజమే. కాని తిండి తగ్గనిచో మిగిలిన కణములే ఉబ్బును. కొలరాడో విశ్వవిద్యాలయమువారు 2011లో ప్రకటించిన పరిశీలనములో 32 మంది స్త్రీలలో 14 మందికి ఈ చికిత్స చేసి తక్కినవారితో పోల్చిరి. ఆఱు వారములకు కనబడిన భేదము సంవత్సరము నిండునప్పటికి పోయెను. తొడలు సన్నగనే నిలిచెను గాని, పోయిన క్రొవ్వు పొట్టలో చేరెను. బ్రెజిల్ దేశమున 36 మంది స్త్రీలపై జరిగి 2012లో వెలువడిన పరిశీలనము మఱింత బోధకమైనది. చికిత్సానంతరము వ్యాయామము చేయనివారికి ఆఱు నెలలలో పొట్టలోపలి క్రొవ్వు నూటికి 10 వంతులు హెచ్చెను. వ్యాయామము చేసినవారికి హెచ్చలేదు. మనుష్యుడు వాకిట తీసివేసినదానిని దేహము దొడ్డిదారిని లోనికి తెచ్చుకొనుచున్నదన్నమాట. దానికి కావలి వ్యాయామమే.

సాగిన చర్మము బిగియుననియు, కాన్పుచారలు పోవుననియు, చర్మముపై గుంటలు నునుపగుననియు ఆశింపరాదు. అవి ఈ చికిత్సకు లోబడినవి కావు.

అపాయములు

సామాన్యముగా కలుగు లోపములు కొన్ని. ఎగుడుదిగుళ్లు, రెండు ప్రక్కలు సమముగా లేకుండుట, చర్మము క్రింద నీరు చేరుట, చీముపట్టుట మొదలైనవి. వేడినిగాని ధ్వనితరంగములనుగాని వాడు యంత్రములతో చర్మము కాలుటయు కలదు. ఘోరమైనవి అరుదు, కాని యున్నవి. కాలి సిరలలో రక్తపుగడ్డ ఏర్పడి ఊపిరితిత్తులకు పోవుట, క్రొవ్వుబిందువులు రక్తములో చేరుట, గొట్టము పొట్టగోడను దాటి ప్రేగులను పొడుచుట, తిమ్మిరిమందు విషించుట అట్టివి.

అమెరికాలో 1994 మొదలు 1998 వఱకు జరిగిన 4,96,245 చికిత్సలలో 95 మరణములు సంభవించినవని 2000వ సంవత్సరమున నొక లెక్క వెలువడెను. అనగా సుమారు 5,000 మందికి ఒకరు. అందు నూటికి 23 మంది ఊపిరితిత్తులకు చేరిన రక్తపుగడ్డచే మరణించిరి. 2015 జూన్ నెలలో అమెరికాలో మృతినొందిన యొక తెలుగు చలనచిత్రనటి అంతకు కొన్ని వారములముందు ఈ చికిత్స చేయించుకొనినదని పత్రికలు వ్రాసినవి. చికిత్సయే ఆమె మరణమునకు హేతువని మేము చెప్పుటలేదు. ఆ వార్త చదివిన దినమున మన యిండ్లలో కలిగిన వెఱపు మఱునాటికే మాసిపోయినదని మాత్రము చెప్పుచున్నాము.

ఊపిరాడకున్నను, రొమ్ములో నొప్పివచ్చినను, ఒక పిక్క వాచి నొప్పిపెట్టినను, కడుపునొప్పి నిముసనిముసమునకు హెచ్చినను, జ్వరము వచ్చినను, మతి చలించినట్లు మాటాడినను తెల్లవాఱువఱకు ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను. మొగమాటమునకును, నలుగురికి తెలియునన్న సిగ్గునకును ఇది సమయము కాదు. రహస్యముగా చేయించుకొన్నవారికే ఈ యాలస్యము తఱచుగా కలుగుచున్నది. ఇంటివారికి తెలియనిచో ఆ రాత్రి కనిపెట్టువా రెవరు?

కావున ముందుగా అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. చేయునట్టి వైద్యునికి సామాన్య శస్త్రవైద్యముపై ప్లాస్టిక్ సర్జరీలో ప్రత్యేకపట్టము కలదా? రాష్ట్ర వైద్యమండలిలో ఆయన పేరు నమోదైనదా? మత్తువైద్యుడు చికిత్స ముగియువఱకు దగ్గఱనుండునా? అపాయము కలిగినచో అత్యవసరచికిత్సకు ఆ చోటనే యేర్పాటు కలదా? వీనికి విసుగుకొనువాని యొద్ద నుండి లేచి రావలెను. ధర తక్కువయని వెళ్లి ప్రాణము కుదువ బెట్టరాదు. సొమ్ము విషయమున మఱొక మాట: సౌందర్యార్థమైన శస్త్రచికిత్సకు మన దేశపు ఆరోగ్యబీమాలు సాధారణముగా చెల్లింపవు. ప్రమాదములు, కాలినగాయములు, క్యాన్సరు వీనివలన చెడిన అంగమును సరిచేయుటకు మినహాయింపు కలదు.

వివాహములును, ఈ చికిత్సయు

ఇక మొదట చెప్పిన పెండ్లిమాటలకు వచ్చెదము. ముహూర్తము నిశ్చయమైన తరువాత, నెలదినములు గడువుండగా, చికిత్స చేయింపుమని వచ్చువారు కలరు. ఇప్పటివఱకు చెప్పిన లెక్క ప్రకారము ఆ కన్యక పెండ్లిపీటలపై కూర్చుండునాటికి వాపు తీయదు, కమిలిన మచ్చలు పూర్తిగా మానకపోవచ్చును, పట్టుచీర క్రింద బిగువుదుస్తు తప్పదు. అందముకొఱకు చేసినది ఆ దినమునకే యక్కరకు రాదు. పిమ్మట గర్భధారణమున బరువు పెరుగుట సహజము. అప్పుడు దేహపురూపము మఱల మారును. మఱల ఎవరో యొకరు మాట అనకపోరు.

మా విన్నపము తల్లులకు ముఖ్యముగా. వయసు వచ్చిన బిడ్డ దేహముపై శస్త్రము పెట్టుటకు సమ్మతి ఆ బిడ్డదే. చట్టమును, ధర్మమును అట్లే చెప్పును. వైద్యుడు ఆమెతో నేకాంతముగా మాటాడుటకు అవకాశ మిండు. "నాకు వలదు" అని ఆమె అనినచో, ఆ మాటతో ఆ ప్రస్తావన ముగియవలెను. "నాకే కావలెను" అని ఆమె తెలిసి కోరినచో, ఎగతాళి చేయక, వెంట నిలిచి, మంచి వైద్యుని వెదకి, తగిన గడువునిచ్చి చేయింపుడు. రెండు విధములను ఆమె మాటకు గౌరవము దక్కవలెను. కన్యకు చికిత్స చేయించినచో గాని సంబంధము కుదరదనువారికి పీటలమీద కూర్చుండబెట్టుటకు బిడ్డ నీయకుండుటయే మేలని మా నిశ్చితాభిప్రాయము. నేడు నడుము కొలత యడిగినవారు రేపు మఱియేమి కొలుతురో యెవరెఱుగుదురు?

మనవి

పోషకులకును కార్యనిర్వాహకులకును మూడు విషయములు మనవి చేయుచున్నాము. వివాహసమాచారపత్రములలో బరువును వ్రాయు గడి యున్నచో దానిని తీసివేయుదురుగాక. చదువు, శీలము, ఆరోగ్యము చెప్పుటకు ఆ గడి యవసరము లేదు. రెండవది, వసతిగృహముల నిర్మాణమునకు ఉదారముగా విరాళములిచ్చువారు ఆటస్థలమునకును కొంత చోటు విడువజేయుదురుగాక. బాలురకు మాత్రమేగాక బాలికలకు కూడ. మూడవది, ప్రతివర్షము ఈ మహాసభనాడు నడుము కొలుచు టేపును, త్రాసును, రక్తపుపోటు చూచు యంత్రమును, చక్కెరపరీక్షను ఒక మూలనైన ఉంచుదురుగాక. దీనికగు వ్యయము ఒక పూట భోజనముల వ్యయములో చిన్నపాలు. దీనివలన తెలియు నిజము ఒక్కొక్క కుటుంబమును నిలువబెట్టును.

మేదోచూషణము రూపమును కొంత దిద్దు పనిముట్టు. బరువును దింపునది కాదు, రోగమును మాన్పునది కాదు, సంబంధమును నిలుపునది అసలే కాదు. ఇంతవఱకు ఎఱిగి, తన యిష్టముతో వచ్చువారిని వైద్యుడు సంతోషముగా చేయిపట్టుకొనును. పరుల నోటికి వెఱచి వచ్చిన బిడ్డను చూచినపుడు మాత్రము శస్త్రము చేతికెత్తుటకు మనసొప్పదు. అట్టి బిడ్డ మన యింటినుండి రాకుండ చూచుట మన చేతిలోనే యున్నది.